తిరుపతి నుంచి తాబేళ్ల బీచ్ దాకా: ఫారిన్‌లో సముద్ర తాబేళ్ల ఇంటర్న్‌షిప్‌కి ఎట్లా పోవాలో మొత్తం చెప్తా

ఇంట్లో ఈ మాట చెప్పినప్పుడు మా అమ్మ అన్న మొదటి మాట, "తాబేళ్లని చూసేదానికి డబ్బులు కట్టి గ్రీస్ దాకా పోవాలా, మన జూపార్క్‌లో లేవా?" అని. మా నాయన మాత్రం ఏమీ అన్లేదు, పేపర్ మడిచి పక్కన పెట్టి "జీతం ఎంతిస్తారు" అని అడిగినాడు. జీతం ఇవ్వరు నాయనా, మనమే కట్టాల అని చెప్పేసరికి మళ్లీ పేపర్ తీసుకున్నాడు. అందుకని ఫస్ట్ ఇదే చెప్పేస్తా ఉన్నా, వాలంటీర్ ఇంటర్న్‌షిప్ అంటే చాలా చోట్ల మన తిండికి, ఉండేదానికి మనమే డబ్బు కట్టాల, పైగా రాత్రంతా ఇసకలో నడవాల. ఇది విని కూడా ఇంకా పోవాలని ఉంటే కింద మొత్తం చదవండి.

నేను జువాలజీ పీజీ చేస్తా పోయినా. మీరు వెటర్నరీ కావచ్చు, డిగ్రీ కావచ్చు, బీటెక్ అయినా పర్లేదు, బీచ్ మీద పనికి సబ్జెక్ట్ కంటే నిద్ర చంపుకోగల ఓపిక ముఖ్యం.

స్టెప్ 1: ముందు చెన్నై పోండి, ఫారిన్ తర్వాత

ఇది ఎవ్వరూ చెప్పరు, నేను గట్టిగా చెప్తా. తిరుపతిలో బస్సెక్కితే మూడు నాలుగు గంటల్లో చెన్నైలో ఉంటాం. అక్కడ జనవరి నుంచి మార్చి దాకా ఒలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేదానికి ఒడ్డుకి వస్తాయి. ఎస్‌ఎస్‌టీసీఎన్ (స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్) అని స్టూడెంట్స్ నడిపే గ్రూప్ ఒకటుంది, 1988 నుంచి సీజన్‌లో రాత్రిళ్లు బీచ్ మీద నడుస్తా గూళ్లు వెతికి, గుడ్లు హేచరీకి, అంటే పిల్లలయ్యే దాకా గుడ్లని కాపాడే చోటికి చేరుస్తా ఉన్నారు. నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ వైపు దాదాపు 7 కిలోమీటర్ల నడక, వారాంతాల్లో మామూలు జనాల్ని కూడా తీసుకుపోతారు. అర్ధరాత్రి మొదలైతే తెల్లవారుజాము అవుతుంది.

అక్కడే ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, ఈ పని మీకు పడుతుందో లేదో ఫ్రీగా తెలిసిపోతుంది. నాతో ఫస్ట్ రోజు వచ్చిన ఇద్దరు ఫ్రెండ్స్ మూడో కిలోమీటర్ దగ్గరే "ఇంక ఎంతసేపు" మొదలుపెట్టినారు, తాబేలు కూడా కనపడలా ఆ రోజు, ఇంక మళ్లీ రాలేదు. వాళ్లు అదే తెలుసుకునేదానికి గ్రీస్ దాకా పోయుంటే రెండు లక్షలు పోయేవి కదా. రెండోది, అప్లికేషన్‌లో "నాకు జంతువులంటే ప్రాణం" అని అందరూ రాస్తారు, "ఈ సీజన్‌లో 9 రాత్రులు బీచ్ వాక్ చేసినా" అని రాసేవాళ్లు తక్కువ. ఆ ఒక్క లైన్ వల్లే నాకు సీటొచ్చిందని ఇప్పటికీ నా నమ్మకం.

ఇంకోటి చెప్పాల. ఆ నడకలో చచ్చిపోయి కొట్టుకొచ్చిన తాబేళ్లు కూడా కనపడతాయి. ట్రాలర్ వలల్లో చిక్కుకుంటే అవి ఊపిరి కోసం పైకి రాలేక నీళ్లలోనే చచ్చిపోతాయి, చేపల్లాగా మొప్పలు ఉండవు కదా వాటికి. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల సంఖ్యలో ఇట్లా కొట్టుకొచ్చినాయి. కూర్మావతారం అని మనం దండం పెట్టుకునే జీవి ఇసకలో ఉబ్బిపోయి పడుంటే చూడలేం. ముందే మనసు సిద్ధం చేసుకోండి.

స్టెప్ 2: ఏ దేశం, ఏ నెల

తాబేళ్లకి మన సెమిస్టర్లు తెలీవు, సీజన్ ఎప్పుడో చూసుకుని దాని ప్రకారం మనమే సర్దుకోవాల. ప్రపంచం మొత్తం మీద సముద్ర తాబేళ్లు 7 రకాలు, మన ఇండియా తీరాల్లో 5 రకాలు కనిపిస్తాయి.

గ్రీస్, మధ్యధరా వైపు లాగర్‌హెడ్ తాబేళ్లు. జూన్ నుంచి ఆగస్టు దాకా గుడ్లు పెడతాయి, ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా పిల్లలు బయటికొస్తాయి. ఆర్కెలాన్ అనే సంస్థ 1983 నుంచి అక్కడ పనిచేస్తా ఉంది, జాకింథోస్ దీవి, పెలోపొనీస్ అనే ద్వీపకల్పంలో కిపరిస్సియా ఖాతం లాంటి చోట్ల క్యాంపులు పెడుతుంది. నేను పోయింది ఆ కిపరిస్సియా తీరానికే. మన సమ్మర్ అయిపోయాక వాళ్ల సీజన్ మొదలవుతుంది కాబట్టి చెన్నైలో జనవరి ఫిబ్రవరి చేసి, ఎగ్జామ్స్ రాసి, అక్కడికి పోవచ్చు, లెక్క భలే కుదురుతుంది.

మధ్య అమెరికాలో ఉండే కోస్టారికాలో టోర్టుగేరో ఇంకో పేరున్న చోటు. రోడ్డు లేదు, పడవలోనో చిన్న విమానంలోనో పోవాల. సీ టర్టిల్ కన్సర్వెన్సీ అని 1959లో మొదలైన సంస్థది అక్కడ రీసెర్చ్ స్టేషన్, తాబేళ్ల కోసం పనిచేసే సంస్థల్లో ఇదే పాతది. జూలై నుంచి అక్టోబర్ దాకా గ్రీన్ తాబేళ్లు, మార్చి నుంచి జూన్ దాకా లెదర్‌బ్యాక్‌లు. చూస్తే అదే చూడాల నిజానికి, కానీ టికెట్ రేటు చూసి నేను ట్యాబ్ క్లోజ్ చేసినా. స్పానిష్ కొంచెం వచ్చుంటే అక్కడ పని సులువు.

శ్రీలంక దగ్గర, చవక. కానీ ఈడ జాగ్రత్త, దీనికి మళ్లీ వస్తా.

స్టెప్ 3: మంచి ప్రాజెక్టా, తాబేళ్ల సర్కస్సా

మొత్తం గైడ్‌లో ఇదే ముఖ్యం. ఇన్‌స్టాలో అరచేతిలో తాబేలు పిల్లని పెట్టుకుని నవ్వుతా ఉండే ఫోటోలు చూసి పోదాం అనుకుంటాం. నేనూ అట్లానే మొదలైనా. తీరా చూస్తే మంచి ప్రాజెక్టుల్లో ఆ ఫోటోనే దొరకదు.

శ్రీలంకలో టూరిస్టుల కోసం నడిపే హేచరీలు కొన్ని పిల్లల్ని పుట్టగానే వదలకుండా తొట్లలో ఉంచుతాయని, వచ్చినోళ్ల చేతికి ఇచ్చి ఫోటోలు తీయిస్తాయని ఎప్పటి నుంచో విమర్శ ఉంది. దాంట్లో తప్పేంటంటే, గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లకి మొదటి రోజుల్లో విపరీతమైన ఊపు ఉంటుంది, ఒంట్లో మిగిలిన సొన బలంతో ఆగకుండా ఈదుతా లోతు నీళ్లలోకి పోతుంది. ఆ బలం కాస్తా తొట్లో గిరగిరా తిరగడానికే అయిపోతే తర్వాత సముద్రంలో వదిలినా ఏం లాభం.

అందుకని మెయిల్ పెట్టి ఈ ప్రశ్నలు అడగండి, మొహమాటపడొద్దు. పిల్లల్ని ఎప్పుడు వదులుతారు? రాత్రా, పగలా, పుట్టిన ఎంతసేపటికి? తొట్లలో ఏమైనా పెంచుతారా, ఎందుకు? గుడ్లని ఉన్నచోటే కాపాడతారా, అన్నీ హేచరీకి తెస్తారా? (గూడు అలలకి మునిగే చోట ఉంటేనో, దొంగలో కుక్కలో ఎక్కువుంటేనో జరపడం సరైన పనే, ఊరికే అన్నీ తవ్వి తెచ్చుకోవడం కాదు.) ప్రభుత్వ పర్మిట్ ఎవరి పేరు మీద ఉంది? మీరు సేకరించిన డేటా ఎవరికి పోతుంది? మంచోళ్లు పేరాలు పేరాలు జవాబు రాస్తారు. "డోంట్ వర్రీ డియర్, యూ విల్ లవ్ ఇట్" అని ఒక లైన్‌లో వచ్చిందంటే అక్కడితో ఆపేయండి.

మధ్యలో ఏజెంట్ సైట్లు బోలెడు ఉంటాయి, ఆ ప్రాజెక్టుకి వీళ్లు రెండింతలు రేటు వేసి అమ్ముతారు. పేరెందుకులే గానీ ఒకదానికి నేను రిజిస్ట్రేషన్ ఫీజని కట్టి, వాళ్లు చెప్పిన క్యాంపుకి నేరుగా మెయిల్ పెడితే "అట్లాంటి కంపెనీ మాకు తెలీదు" అని జవాబొచ్చింది. ఆ డబ్బు పోయినట్టే. కాబట్టి ఎప్పుడూ బీచ్ మీద పనిచేసే సంస్థకే డైరెక్ట్‌గా అప్లై చెయ్యండి.

స్టెప్ 4: అప్లికేషన్

సీజన్‌కి ఆరు నెలల ముందు మొదలుపెట్టండి. మామూలుగా 18 ఏళ్లు నిండుండాల, ఇంగ్లిష్ మాట్లాడగలగాల, నాలుగు వారాలో ఆరు వారాలో కనీసం ఉండాలంటారు, ఎందుకంటే పని నేర్పేదానికే వారం పడుతుంది, నేర్చుకోగానే వెళ్లిపోతే వాళ్లకేం ఉపయోగం. లెటర్ ఒక పేజీ చాలు. దాంట్లో రాత్రిపూట పనిచేసిన అనుభవం, టెంట్‌లో పదిమందితో కలిసి ఉండగలరా, వంట వచ్చా, ఫస్ట్ ఎయిడ్ తెలుసా, జీపీఎస్ వాడటం, ఎక్సెల్‌లో డేటా ఎక్కించడం వచ్చా, ఇవి రాయండి. డ్రైవింగ్ వచ్చంటే అదీ రాయండి. గోల్డ్ మెడల్ గురించి ఒక్క లైన్ చాలు.

కాలేజీ క్రెడిట్ కావాలంటే పోకముందే మీ హెచ్‌ఓడీతో మాట్లాడి నో అబ్జెక్షన్ లెటర్, ఏ పని ఎన్ని గంటలు అనే కాగితం సంతకాలతో సహా తీసుకోండి. వచ్చాక అడిగితే పని కాదు, మా సీనియర్ తిరిగిన తిరుగుడు చూసినా కాబట్టి చెప్తా ఉన్నా.

స్టెప్ 5: పాస్‌పోర్ట్, వీసా, డబ్బు

పాస్‌పోర్ట్ సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది, పెద్దోళ్లకి 36 పేజీలది మామూలుగా 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. ఇంటి అడ్రస్, సర్టిఫికెట్లలో ఇంటిపేరు స్పెల్లింగ్ ఒకటేలా ఉన్నాయా చూసుకోండి, మన తెలుగోళ్లకి ఇంటిపేరు ముందా వెనకా అనే గొడవ ఎయిర్‌పోర్ట్ దాకా వెంటాడుతుంది.

గ్రీస్‌కి షెంజెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా. 180 రోజుల్లో 90 రోజుల దాకా ఉండొచ్చు. ఫీజు 90 యూరోలు, వీసా సెంటర్ వాళ్ల సర్వీస్ చార్జి వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు, 15 రోజుల లోపల అంటే తీసుకోరు, కానీ సమ్మర్‌లో అపాయింట్‌మెంట్లే దొరకవు కాబట్టి మూడు నెలల ముందు పోండి. 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. పాస్‌పోర్ట్ మీరు తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలైనా చెల్లాల, రెండు ఖాళీ పేజీలు ఉండాల. సంస్థ వాళ్ల దగ్గర ఇన్విటేషన్ లెటర్ అడగండి, దాంట్లో తేదీలు, ఎక్కడ ఉంటారు, జీతం లేని పని అని స్పష్టంగా ఉండాల. టూరిస్ట్ అని రాసి వాలంటీరింగ్‌కి పోవడం లాంటి తెలివితేటలు వద్దు, అడిగినోళ్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మా నాయన స్పాన్సర్, ఆయన బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్స్, సంతకం పెట్టిన లెటర్ ఇచ్చినా. లెటర్‌లో "నా కూతురు తాబేళ్ల పరిశోధనకి" అని రాసేటప్పుడు మాత్రం ఆయన మొహంలో కొంచెం గర్వం కనపడింది, ఒప్పుకోడు అనుకోండి.

ఖర్చు నాకు 6 వారాలకి అన్నీ కలిపి రెండు లక్షలకి కొంచెం లోపల అయింది, అందులో మూడో వంతు పైన టికెట్టే. సంస్థకి కట్టే పార్టిసిపేషన్ ఫీజు, తిండి, ఇన్సూరెన్స్, లోకల్ బస్సులు మిగతాది. ఫ్లైట్ చెన్నై నుంచే చూసుకోండి, రేణిగుంట నుంచి ఎక్కి దిగి ఎక్కి దిగి పోవడం దండగ. ఫోరెక్స్ కార్డు ఒకటి, కొంచెం క్యాష్ యూరోలు.

స్టెప్ 6: ఒళ్లు సిద్ధం చేసుకోవడం

మనకి అలిపిరి ఉంది, ఇంకేం కావాల. 3,550 మెట్లు, వారానికొకసారి రెండు నెలలు ఎక్కండి. నేను పొగరుగా "అలిపిరి ఎక్కినోళ్లకి బీచ్ ఒక లెక్కా" అనుకున్నా, మొదటి వారమే పిక్కలు పట్టేసినాయి. మెట్టు గట్టిగా ఉంటుంది, ఇసక కాలుని వెనక్కి లాగుతుంది, పైగా బీచ్ వాలుగా ఉండేసరికి ఒక కాలు పైన ఒక కాలు కింద. అందుకే చెన్నైలోనో తూపిలిపాలెం బీచ్‌లోనో ఇసకలో కూడా నడిచి చూసుకోండి.

బ్యాగ్‌లో ఎర్ర లైట్ ఉన్న హెడ్‌ల్యాంప్ (తెల్ల లైట్ తాబేళ్లని బెదరగొడుతుంది), ముదురు రంగు ఫుల్ చేతుల బట్టలు, తేలికైన టెంట్, స్లీపింగ్ బ్యాగ్, దోమల క్రీమ్, మందులు ప్రిస్క్రిప్షన్‌తో. మన రెండు పిన్నుల చార్జర్ అక్కడ చాలావరకు పడుతుంది, మూడు పిన్నులదానికి అడాప్టర్ కావాల. నెయ్యి, పాలకోవా తీసుకుపోవద్దు, బయటి దేశాల నుంచి పాల వస్తువులు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు. మా అమ్మ చాటుగా పెట్టిన నెయ్యి సీసా చెన్నై ఎయిర్‌పోర్ట్ బయటే మా మామకి ఇచ్చేసినా. ఆవకాయ, చింతపండు, కందిపొడి పర్లేదు, డబుల్ కవర్ వెయ్యండి.

స్టెప్ 7: అక్కడ పని నిజంగా ఏముంటుంది

పొద్దున సర్వే. తెల్లారకముందే లేచి ఇద్దరు ముగ్గురు కలిసి కిలోమీటర్లు నడుస్తా రాత్రి తాబేలు వచ్చిన అడుగుజాడలు వెతకాల. ఈడ నాకు చెన్నై పనికొచ్చింది. ఒలివ్ రిడ్లే, లాగర్‌హెడ్ రెండూ కుడి ఎడమ కాళ్లు ఒకటి తర్వాత ఒకటి వేస్తా పాకుతాయి, కాబట్టి జాడ కూడా అటొకటి ఇటొకటిగా పడుతుంది. గ్రీన్, లెదర్‌బ్యాక్ అయితే రెండు తెడ్లూ (తెడ్డులా ఉండే కాళ్లు) ఒకేసారి వేస్తాయి, జాడ రెండువైపులా సరిసమానంగా ట్రాక్టర్ టైరు గుర్తులా ఉంటుంది. మొదటి రోజు లీడర్ ఒక జాడ చూపించి ఇదేంటని అడిగితే వెంటనే చెప్పేసినా, "ఎక్కడ నేర్చుకున్నావ్" అనింది.

జాడ ఉన్నంత మాత్రాన గూడు ఉన్నట్టు కాదు. లైట్లు చూసో, బీచ్‌లో వేసిన కుర్చీ తగిలో తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. గూడు ఉందనుకుంటే చేత్తో మెల్లిగా తవ్వి పైగుడ్డు కనపడే దాకా చూసి, మళ్లీ కప్పి, జీపీఎస్ పాయింట్ తీసుకుని, నక్కలు కుక్కలు తవ్వకుండా పైన ఇనప జాలీ పాతాల. ఒక్కో గూట్లో వంద పైచిలుకు గుడ్లుంటాయి. జరపాల్సి వస్తే కొన్ని గంటల్లోపే, గుడ్డు పైభాగం పైనే ఉండేటట్టు జరపాల, ఎందుకంటే లోపల పిండం పెంకుకి అతుక్కుంటుంది, ఆ తర్వాత తిప్పితే చచ్చిపోతుంది.

రాత్రి టీం వేరే. తాబేలు ఒడ్డెక్కుతా ఉన్నప్పుడు, గుంట తవ్వుతా ఉన్నప్పుడు దగ్గరికి పోకూడదు, కదలకుండా పడుకునైనా ఉండిపోవాల. గుడ్లు పెట్టడం మొదలయ్యాక అది ఒక రకమైన మైకంలో ఉంటుంది, అప్పుడు వెనక నుంచి పోయి డిప్ప పొడవు వెడల్పు టేప్‌తో కొలిచి, తెడ్డుకి ట్యాగ్ ఉంటే నంబర్ రాసుకోవాల, లేకుంటే ట్యాగ్ వేసేది ట్రైనింగ్ అయినోళ్లే. ఫ్లాష్ ఫోటోల్లేవు. ఆరు వారాల్లో నా ఫోన్‌లో తాబేలు ఫోటోలు నాలుగు, అవీ ఎర్రగా మసగ్గా.

ఆగస్టు తర్వాత గూళ్ల పరీక్ష. పిల్లలన్నీ వెళ్లిపోయినాక ఆ గూడు తవ్వి ఖాళీ పెంకులు ఎన్ని, పగలని గుడ్లెన్ని, లోపలే చచ్చినవి ఎన్ని అని లెక్కపెట్టాల. ఆ వాసన గురించి చెప్పను, కుళ్లిన కోడిగుడ్డు దాని ముందు అగరబత్తి. చేతులు ఎంత కడిగినా రెండు రోజులు అన్నం కలుపుకోబుద్ధి కాదు. కానీ ఈ లెక్క నుంచే ఏ బీచ్‌లో ఎంత శాతం పిల్లలు బయటపడినాయో తెలిసేది. గూట్లో వేడి దాదాపు 29 డిగ్రీలు దాటితే ఆడవి ఎక్కువ, తగ్గితే మగవి ఎక్కువ పుడతాయి, ఎండలు పెరిగితే అన్నీ ఆడవే అయిపోతాయేమో అనే భయంతో కొన్ని గూళ్లలో టెంపరేచర్ మీటర్లు కూడా పెడతారు.

పిల్లలు వెలుతురు ఎక్కడుంటే అటు పోతాయి. మామూలుగా రాత్రి సముద్రం వైపే తెల్లగా ఉంటుంది, ఇప్పుడు హోటళ్ల లైట్లు వెనక వెలుగుతా ఉంటే అవి రోడ్డు వైపు పోతాయి. అందుకని గూడు చుట్టూ చాపలు అడ్డం కట్టి సముద్రం వైపు మాత్రమే తెరిచి పెడతాం. పిల్ల ఇసకలో తడబడతా పోతా ఉంటే ఎత్తి నీళ్లలో వేద్దామనిపిస్తుంది, వెయ్యకూడదు, పక్కనే నిలబడి చూడాల అంతే.

మిగతా టైంలో బీచ్‌కి వచ్చే టూరిస్టులతో మాట్లాడటం, గొడుగులు రాత్రి తీసేయండి అని చెప్పడం, క్యాంపులో వంతులవారీగా వంట. నా వంతు వస్తే నిమ్మకాయ పులిహోర, అక్కడ నిమ్మకాయలకి కొదవలేదు. ఒక జర్మనీ అమ్మాయి మూడుసార్లు వడ్డించుకుంది. వాళ్ల ఫాకెస్ అనే మసూర్ పప్పు పులుసు మన పప్పుచారుకి దూరపు చుట్టంలాంటిది, దాంతోనే బతికేసినా.

అమ్మాయిలకి ఒక మాట. రాత్రి బీచ్ మీద ఎప్పుడూ ఒంటరిగా పంపరు, పంపితే అది మంచి క్యాంపు కాదు. టెంట్లు విడివిడిగా ఉంటాయా, మెడికల్ ఎమర్జెన్సీకి ఎవరికి ఫోన్ చెయ్యాల, ఇవి పోకముందే రాతపూర్వకంగా అడిగి ఇంట్లోవాళ్లకి కూడా పంపండి, వాళ్లకి సగం భయం పోతుంది.

స్టెప్ 8: తిరిగొచ్చాక

సర్టిఫికెట్‌లో గంటలు, చేసిన పనులు విడివిడిగా రాయించుకోండి, ఊరికే "పార్టిసిపేటెడ్" అని ఉంటే దేనికీ పనికిరాదు. ఫీల్డ్ లీడర్ దగ్గర రికమండేషన్ లెటర్ అక్కడున్నప్పుడే అడగండి, సీజన్ అయిపోతే వాళ్లు ఎవరెక్కడుంటారో తెలీదు. ఇంకోటి, అక్కడ చేసినాం కదా అని ఇక్కడ మన తీరంలో సొంతంగా గుడ్లు ముట్టుకోవద్దు, మన దగ్గర సముద్ర తాబేళ్లు 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1లో ఉన్నాయి, అటవీ శాఖ పర్మిషన్ ఉన్న టీంతో కలిసే చెయ్యాల.

నేనైతే ఈ జనవరికి మళ్లీ చెన్నై పోతా ఉన్నా. ఈసారి మా నాయన కూడా వస్తానన్నాడు, మోకాళ్ల నొప్పులని మొత్తం ఏడు కిలోమీటర్లు నడవలేడు, హేచరీ దగ్గర కూర్చుంటాడంట, ఫ్లాస్క్‌లో కాఫీ తెస్తానన్నాడు.